బువ్వ తిన్నంక రా: చలి వదిలే రోజుల్లో ఒక వాగు, కొన్ని కొర్రమట్టలు

హైదరాబాద్‌లో గాలం పట్టే ఎవరినైనా అడగండి, కొర్రమట్ట కోసం ఎన్ని గంటలకు వెళ్లాలని. తెల్లారకముందే అంటారు. చీకట్లో బయల్దేరి, పొద్దు పొడిచేసరికి నీళ్ల ఒడ్డున ఉండాలని. ఏప్రిల్‌లో ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. సంక్రాంతి దాటిన మొదటి నాలుగైదు వారాల్లో మాత్రం ఆ మాట నమ్ముకున్నవాళ్లు ఖాళీ చేతులతో తిరిగొస్తారు. అలా తిరిగొచ్చిన ఒక తమ్ముడి కేసు ఇది. మొదటి రెండు ఆదివారాలు అతనితో పాటు నేను చేసిన పొరపాట్లు కూడా ఇందులో ఉన్నాయి. నేను తొమ్మిదేళ్లుగా సెలవు రోజుల్లో కొత్తవాళ్లకు లూర్ ఫిషింగ్, అంటే బొమ్మ ఎరతో చేపలు పట్టడం, నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది జనవరి, ఫిబ్రవరిలోనే వదిలేస్తారు. చేపలు లేవనుకుంటారు. చేపలు అక్కడే ఉంటాయి.

తమ్ముడు కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నిరుడు వానాకాలం చివర రాడ్ కొన్నాడు. అక్టోబర్, నవంబర్‌లలో నాలుగు కొర్రమట్టలు పట్టి వదిలాడు. డిసెంబర్ నుంచి వరసగా ఐదు ఆదివారాలు ఒక్కటీ కొట్టలేదు. "అన్నా, వాగు మొత్తం వలేసి ఊడ్చేశారేమో" అన్నాడు ఫోన్‌లో. అతను వాడుతున్నవి కప్ప లూర్లు. వెళ్తున్నది పొద్దున ఆరింటికి. అప్పుడే నాకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి నాకూ నెల పట్టింది.

ఏ వాగో చెప్పను. పేరు బయటపెడితే వచ్చే ఆదివారమే ఇరవై బైకులు ఆ గట్టు మీద ఉంటాయి. దిక్కు మాత్రం చెబుతాను. వికారాబాద్ వైపు. అనంతగిరి కొండలు ఒక నీటి విభజన రేఖ. తూర్పు వైపు పడ్డ చినుకు మూసీలోకి వచ్చి, గండిపేట దాటి, నగరం మధ్య నుంచి నడిచి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వైపు పడ్డ చినుకు కాగ్నాలో కలిసి, భీమా మీదుగా చుట్టు తిరిగి అదే కృష్ణకు చేరుతుంది. మా వాగు తూర్పు వాలులోది. పడమటి నుంచి తూర్పుకు దాదాపు తిన్నగా పారుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

జనవరి చివరికి ఆ వాగులో పారకం ఉండదు. రెండు చెక్‌డ్యామ్‌ల మధ్య ఆరేడు వందల మీటర్ల పొడవునా నిలిచిన నీళ్లు ఉంటాయి. ఎగువన మెడలోతు మడుగు ఒకటి, దిగువకు వచ్చేకొద్దీ మోకాలి లోతు. ఉత్తరపు ఒడ్డు పొడవునా జమ్ము, తుంగ. దక్షిణపు ఒడ్డున కానుగ చెట్లు వరసగా. నీళ్లు తేటగా ఉంటాయి, మోకాలి లోతులో అడుగున ఆకులు కనిపిస్తాయి. ఇది మూసీ నగరం దాటాక ఉండే నీరు కాదు. ఆ దిగువ నీళ్లలో చేప పట్టి తినే పని ఎవరూ పెట్టుకోకూడదు.

చెరువైనా, చెక్‌డ్యామ్ మడుగైనా చేపల మీద హక్కు చాలావరకు ఊరి మత్స్య సహకార సంఘానిది. పిల్లల్ని వదిలేది వాళ్లు, కాపలా కాసేది వాళ్లు. అందుకే రాడ్ తీసేముందు సంఘం పెద్దాయన దగ్గరికి వెళ్లాం. అరవై అయిదు దాటిన మనిషి, యాభై ఏళ్లుగా వల, గాలం రెండూ తెలిసినవాడు. పట్టినవి వదిలేస్తామని, ముల్లు లేని కొక్కెం వాడతామని చెప్పాం. కొక్కెం చేతిలోకి తీసుకుని చూశాడు. "ముల్లు లేకుంటే చేప నిలుస్తదా?" అని అడిగాడు. దారం బిగువుగా ఉంటే నిలుస్తుందని చెప్పాను. సరేనన్నాడు. వెళ్లబోతుంటే వెనక నుంచి ఒక మాట అన్నాడు. "పొద్దుగాల ఎందుకొచ్చిన్రు? చలికి చేప పెయ్యి ముడుచుకుంటది బిడ్డా. బువ్వ తిన్నంక రా."

ఆ మాట విని నవ్వి ఊరుకున్నాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఎందుకంటే అదే సంగతి నేను పదేళ్ల కిందట, పదమూడు వేల కిలోమీటర్ల అవతల నేర్చుకున్నాను. ప్రాజెక్టు మీద ఒహాయోలో ఉన్నప్పుడు మా ఇంటి వెనక చిన్న వాగు ఉండేది. అందులో స్మాల్‌మౌత్ బాస్ అనే చేపలు ఉండేవి. అక్కడ మార్చిలో కూడా చేతులు కొంకర్లు పోతాయి. ఆ చేపలు చలికాలమంతా లోతు మడుగుల్లో కదలకుండా పడి ఉంటాయి. నీటి వేడి 50 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 10 డిగ్రీలు దాటుతుంటే మెల్లగా కదులుతాయి. 60 దగ్గర, మన లెక్కలో పదిహేనున్నర దగ్గర, గులకరాళ్ల మీద గుంట చేసి గుడ్లు పెట్టే పనిలో పడతాయి. మగ చేప ఆ గుంటకు కాపలా ఉంటుంది. ఆ మధ్య రోజుల్లో వేట అంతా ఎండ కాసిన మధ్యాహ్నాల్లోనే. లోతు మడుగు పక్కనే నిలకడగా ఉండే, లోతు తక్కువ నీళ్లు (వీటినే పల్లం అంటున్నాను) ఎండకు రెండు మూడు డిగ్రీలు వేడెక్కితే చాలు, బాస్ అక్కడికి జరుగుతుంది. అక్కడి పక్కింటి ముసలాయన జేబులో ఎప్పుడూ థర్మామీటర్ ఉండేది. నెల చూసి కాదు, గడియారం చూసి కాదు, నీళ్ల వేడి చూసి వెళ్లడం ఆయన దగ్గర నేర్చుకున్నాను.

నేర్చుకున్నదాన్ని మన వాగుకు తేవడంలో ఒక ముక్క సరిగా తెచ్చాను, ఒక ముక్క తప్పుగా తెచ్చాను. ఈ కేసులో అసలు సంగతి అదే.

మొదటి రెండు ఆదివారాలు

జనవరి చివరి ఆదివారం. ఆరున్నరకు మడుగు దగ్గర ఉన్నాం. అక్వేరియం థర్మామీటర్‌కు దారం కట్టి కొలిచాం. ఉత్తరపు ఒడ్డున జమ్ము పక్కన మోకాలి లోతులో 19 డిగ్రీలు. మెడలోతు మడుగులో, అడుగుకు వదిలి తీస్తే 21. రాత్రంతా చలికి పల్లపు నీళ్లు త్వరగా చల్లారతాయి, లోతు నీళ్లు వేడిని దాచుకుంటాయి. బాస్ చదువు ప్రకారం సమాధానం తేలిక. లోతుకు పో. వెచ్చని చోట చేప ఉంటుంది. నెమ్మదిగా అడుగున పాకించు.

అదే చేశాం. పది గంటల దాకా మెడలోతు మడుగులో మెత్తటి పురుగు లూర్లు అడుగున పాకించాం. తమ్ముడు ఓపికగా విసిరాడు. చిన్న జెల్ల ఒకటి తోక దగ్గర కొరికి వదిలింది. అంతే.

రెండో ఆదివారం కూడా దాదాపు అదే పని, అదే ఫలితం. పదకొండింటికి టీ తాగుతూ గట్టు మీద కూర్చున్నాం. ఎదురుగా జమ్ములో ఏదో "గుబుక్" మంది. నీళ్ల మీద రెండు బుడగలు. కాసేపటికి ఇంకో నాలుగు గజాల అవతల ఇంకోటి. అప్పుడు తట్టింది నాకు.

కొర్రమట్ట బాస్ కాదు. బాస్ నీళ్లలో కరిగిన ప్రాణవాయువుతోనే బతుకుతుంది, నెలల తరబడి లోతులో పడి ఉండగలదు. కొర్రమట్ట తలలో మొప్పల పైన గాలి నిలిపే గది ఉంటుంది. అది పైకొచ్చి గాలి మింగాలి, తప్పదు. రాంనగర్ మార్కెట్‌లో బేసిన్‌లో నాలుగు వేళ్ల లోతు నీళ్లలో గంటల తరబడి బతికుండే మరల్‌ను, అంటే ఈ కొర్రమట్టనే, మీరు చూసే ఉంటారు. ఆ బతుకు రహస్యం ఆ గదిలోనే ఉంది. మృగశిర రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం వాడేది కూడా ఈ జాతి పిల్లనే. చిన్నప్పటి నుంచి కళ్లముందున్న చేప ఇది. రాష్ట్ర చేప కూడా ఇదే. అయినా దాని ఊపిరి సంగతి మర్చిపోయి, అమెరికా చేప లెక్కతో దాన్ని వెతికాను.

పైకి రావాల్సిన చేపకు మెడలోతు మడుగు అడుగున పడుకోవడం ఖరీదైన పని. ప్రతిసారీ అంత దూరం ఎక్కాలి, దిగాలి. ఎక్కిన ప్రతిసారీ కొంగకో, లకుముకి పిట్టకో కనబడాలి. అందుకే చలిలో కూడా అది పల్లంలోనే ఉంటుంది. జమ్ము వేళ్ల మధ్య, కుళ్లిన ఆకుల కింద, బురదకు పొట్ట ఆనించి కదలకుండా. ఒంట్లో వేడి తగ్గితే దానికి కావాల్సిన గాలీ తగ్గుతుంది. పైకి రావడం అరుదవుతుంది. మనకు కనిపించదు. వాగు ఖాళీ అనుకుంటాం.

అంటే చోటు విషయంలో బాస్ పాఠం పనికిరాలేదు. వేళ విషయంలో పనికొచ్చింది. ఆ వేళ సంగతే పెద్దాయన ఒక్క మాటలో చెప్పాడు.

గుక్కలు లెక్కపెట్టడం

ఆ రోజు మధ్యాహ్నం మేం రాడ్లు పక్కన పెట్టేశాం. తమ్ముడికి అది నచ్చలేదు. నాలుగు గంటలు ప్రయాణం, పెట్రోల్, ఇంట్లో భార్యకు చెప్పుకోవాల్సిన జవాబు, ఇవన్నీ ఉంటాయి కదా. అయినా కూర్చున్నాడు.

ఉత్తరపు ఒడ్డున ఎనభై అడుగుల జమ్ము వరసను ఎంచుకుని, చేప పైకొచ్చి గాలి మింగే గుక్కలు అరగంటలో ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టాం. పొద్దున ఏడు నుంచి ఏడున్నర వరకు ఒకటే అని అప్పటికే నోటు పుస్తకంలో రాసి ఉంది, చేప తిప్పిన నీళ్లేమో అనుకుని రాశాను. పన్నెండున్నరకు నాలుగు. ఒకటిన్నరకు తొమ్మిది. రెండున్నరకు పదకొండు. నీళ్లు కొలిస్తే పల్లంలో 25 డిగ్రీలు, మెడలోతు అడుగున 22. పొద్దున లోతు వెచ్చన, మధ్యాహ్నం పల్లం వెచ్చన. పొద్దుటి లెక్క మధ్యాహ్నానికి తలకిందులైంది.

గుక్కల లెక్క థర్మామీటర్ కంటే మేలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నీళ్లు ఎంత వేడెక్కాయో గాజు గొట్టం చెబుతుంది. ఆ వేడి చేపకు చాలిందో లేదో చేప ఊపిరే చెబుతుంది. కొత్తవాళ్లకు ఇది మొదటి రోజే నేర్పుతున్నాను ఇప్పుడు. ఒకే చేప రెండుసార్లు వచ్చినా లెక్కలో కలుస్తుంది, పర్వాలేదు. మనకు కావాల్సింది చేపల సంఖ్య కాదు, వాటి ఒంట్లో పుట్టిన కదలిక.

గమనించిన ఇంకో సంగతి. గుక్కలన్నీ ఉత్తరపు ఒడ్డునే. దక్షిణపు ఒడ్డున కానుగ నీడలో రెండంటే రెండు. వాగు పడమటి నుంచి తూర్పుకు పారుతుందని చెప్పాను కదా. ఫిబ్రవరిలో సూర్యుడు మనకు దక్షిణంగా వంగి నడుస్తాడు. దక్షిణపు గట్టు మీద చెట్ల నీడ ఆ ఒడ్డు నీళ్ల మీదే పడుతుంది. ఉత్తరపు ఒడ్డు పొద్దంతా ఎండలో ఉంటుంది. మధ్యాహ్నం రెండుకు ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ రెండున్నర డిగ్రీల తేడా కొలిచాం. పాతిక అడుగుల వెడల్పున్న వాగులో.

దీంతో ఎక్కడ నిలబడాలో కూడా తేలింది. మేం రెండు వారాలు దక్షిణపు గట్టు మీద, చెట్ల నీడలో సుఖంగా నిలబడి అవతలి ఒడ్డుకు విసిరాం. చెట్ల సందులో నిలబడిన ప్రతిసారీ మా నీడ నీళ్ల మీద, చేప వైపు పడింది. ఉత్తరపు గట్టు మీద నిలబడితే ఎండ ముఖాన కొడుతుంది గానీ నీడ మన వెనక్కి, పొలంలోకి పడుతుంది. తేట నీళ్లలో అది చాలా పెద్ద తేడా. నీళ్లకు ఎనిమిది అడుగులు వెనక్కి, మోకాళ్ల మీద కూర్చుని, ఒడ్డు వెంబడే విసరాలి. అడుగులు మెత్తగా పడాలి. కొర్రమట్ట మట్టి అదురును ముందు పసిగడుతుంది, మనిషిని తర్వాత చూస్తుంది.

కప్ప పక్కన పెట్టడం

హైదరాబాద్‌లో కొర్రమట్ట అంటే కప్ప లూర్. ఇంకో మాట ఉండదు. తొలకరి తర్వాత ఆ మాట నిజమే, గట్టు గట్టునా కప్పలుంటాయి, చేప కళ్లు పైకే ఉంటాయి. ఫిబ్రవరి మొదట్లో ఆ వాగులో మేం ఒక్క కప్పను కూడా చూడలేదు. పల్లంలో తిరుగుతున్నవి వేలెడంత పరక చేపలు, చిన్న రొయ్యలు. పైగా చల్లటి ఒంటితో ఉన్న చేప నీళ్ల పైకి ఎగిరి కప్పను అందుకునేంత ఖర్చు పెట్టదు. దాని ముఖం ముందుకు, మెల్లగా, చిన్న ముద్ద వెళ్లాలి.

కాబట్టి మూడంగుళాల మెత్తటి రబ్బరు చేప. కొక్కెం మొన దాని వీపులో దాగి ఉండేలా గుచ్చాలి, లేకపోతే ప్రతి విసురుకూ జమ్ము గడ్డే వస్తుంది. బరువు వేయలేదు, లేదా గోరంత సీసం. ఆరున్నర అడుగుల రాడ్, ముప్పై పౌండ్ల బ్రెయిడ్, అంటే పేనిన దారం. దారం సన్నంగా వేస్తే విసరడానికి హాయిగా ఉంటుంది గానీ, జమ్ములో చుట్టుకున్న కొర్రమట్ట దాన్ని తెంపుకుని, నోట్లో కొక్కెంతో వెళ్లిపోతుంది. చేపకు అంతకంటే అన్యాయం లేదు. దారం మందంగానే వేయండి.

లూర్‌ను జమ్ము అంచున పడేసి, ఐదు లెక్కపెట్టేదాకా కదపకుండా ఉంచడం. ఒక్క జానెడు లాగడం. మళ్లీ ఐదు. తమ్ముడికి ఇదే అన్నిటికంటే కష్టమైంది. అక్టోబర్‌లో గబగబా తిప్పి చేపలు పట్టిన చేయి అది, ఆగమంటే ఆగదు. చివరికి అతనే ఉపాయం కనిపెట్టాడు. లూర్ పడగానే రీల్ మీద చేయి తీసి తొడ మీద పెట్టుకునేవాడు.

మూడో ఆదివారం పెద్దాయన చెప్పినట్టే బువ్వ తిని పన్నెండున్నరకు మొదలుపెట్టాం. పల్లంలో 25. రెండు గంటల్లో రెండు చేపలు కొట్టాయి. రెండూ నిలవలేదు. దారం "టక్" మనగానే తమ్ముడు బలంగా వెనక్కి లాగాడు, లూర్ ఖాళీగా గాల్లోకి వచ్చింది. రెండోసారి రబ్బరు చేప తోక తెగిపోయి వచ్చింది. తెగిన చోటు చూస్తే సంగతి తెలిసింది. చేప మింగలేదు, తోక పట్టుకుని ఆగింది అంతే. వానాకాలంలో కొర్రమట్ట లూర్‌ను ఒక్క దెబ్బకు నోట్లోకి పీల్చుకుంటుంది. చలిలో ముందు పట్టుకుంటుంది, తర్వాత తిప్పుకుంటుంది, ఆ తర్వాతే మింగుతుంది. ఆ సందు ఇవ్వాలి. రాడ్ కొన నీళ్ల వైపు దించి, దారాన్ని కాస్త వదిలి, రెండు లెక్కపెట్టి, అది పక్కకు కదులుతున్న బరువు చేతికి తెలిశాక రాడ్ వెనక్కి గుంజాలి. మరీ ఆలస్యమైతే లోపలికి మింగేస్తుంది, కొక్కెం తీయడం చేపకు ప్రమాదం. రెండు చాలు. మూడు వద్దు.

నాలుగో ఆదివారం, ఒంటిగంట నలభైకి, పల్లంలో 26 డిగ్రీలు ఉన్నప్పుడు మొదటి చేప నిలిచింది. నలభై ఒక్క సెంటీమీటర్లు. నల్లటి వీపు, పక్కల మీద వంకర చారలు, తెల్లటి పొట్ట. తమ్ముడు చేతులు తడుపుకుని పట్టుకున్నాడు. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పోతుంది, ఆ జిగురే దానికి కవచం. గాలి పీల్చే చేప కదా అని ఎంతసేపైనా బయట ఉంచి ఫొటోలు తీసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. చనిపోకపోవడం వేరు, దెబ్బ తగలకపోవడం వేరు. కొలిచి, ఒక ఫొటో తీసి, తల జమ్ము వైపు పెట్టి వదిలాం. తమ్ముడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అన్నా, ఇదంతా ఇక్కడే ఉందన్నమాట ఇన్ని రోజులూ" అన్నాడు.

ఆ రోజు ఇంకో రెండు కొట్టాయి, ఒకటి నిలిచింది. అది చిన్నది.

పెద్దాయన సాయంత్రం వచ్చాడు. థర్మామీటర్ చూసి అదేంటని అడిగాడు. చెప్పాం. ఆయన చెప్పులు విడిచి మోకాలి దాకా నీళ్లలో దిగి, చేయి ముంచి, కాసేపు ఉంచాడు. "ఇగో, ఈ ఎచ్చన ఉంటే తింటది. ఇంకింత సల్లగైతే ఊకె చూస్తది" అన్నాడు. గొట్టం చూస్తే 25. సాయంత్రం ఐదున్నరకు మళ్లీ ముంచి "అయిపోయింది, పోదాం పాండ్రి" అన్నాడు. 23. ఆయన చేతికీ మా గొట్టానికీ ఆ రోజు ఎక్కడా తేడా రాలేదు. తమ్ముడు ఆయన్ను నాలుగు చోట్ల చేయి ముంచమని అడిగి, పక్కనే గొట్టం పెట్టి రాసుకున్నాడు. ఆ పేజీ నా దగ్గర ఉన్న కాగితాలన్నిటిలో విలువైనది.

ఐదో ఆదివారం మబ్బు పట్టింది. ఈశాన్యపు గాలి. రెండు గంటలకు కూడా పల్లంలో 22 దాటలేదు. గుక్కలు అరగంటకు రెండు. ఒక్క దెబ్బ లేదు. రెండున్నరకే సర్దుకున్నాం. చేప దొరకని ఆ రోజే నాకు మా లెక్క మీద నమ్మకం కుదిరింది. చోటు అదే, లూర్ అదే, మనుషులు అదే, గడియారం అదే. మారింది నీళ్ల వేడి ఒక్కటే.

శివరాత్రి దాటాక

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు అంటారు. ఆ వాగు విషయంలో ఆ మాట డిగ్రీల లెక్కన చూశాను. ఆ తర్వాతి ఆదివారం పొద్దున తొమ్మిదికే పల్లంలో 24, పది దాటేసరికి 25. మొదటి చేప పదింబావుకు. ఒంటిగంటకల్లా కొట్టడం ఆగింది. మార్చి రెండో వారానికి పొద్దున ఆరున్నరకే 24 ఉంది. మధ్యాహ్నం పల్లం 30 దాటి, చేపలు ఎండ ఒడ్డు వదిలి కానుగ నీడకు జరిగాయి. మేం కూడా గట్టు మారాం. ఫిబ్రవరిలో ఏ ఒడ్డున చేప లేదని వదిలేశామో, మార్చిలో అదే ఒడ్డున పట్టాం.

అంటే వేట వేళ ఆరు వారాల్లో మధ్యాహ్నం రెండు నుంచి పొద్దున ఆరున్నరకు మెల్లగా వెనక్కి జరిగింది. తెల్లవారుజామునే వెళ్లాలని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు మార్చి తర్వాతి మాట చెబుతున్నారు. అది జనవరికి వర్తించదు, అంతే. నా వరకు 24 నుంచి 25 మధ్యలో ఎక్కడో ఆ గీత ఉంది. మీ వాగులో ఒక డిగ్రీ అటూ ఇటూ కావచ్చు, నీళ్ల రంగును బట్టి, లోతును బట్టి. మీరే కొలవండి. గొట్టం ఖరీదు ఒక లూర్ ఖరీదు కంటే తక్కువ.

మొత్తం ఎనిమిది ఆదివారాల్లో తొమ్మిది చేపలు. సంఖ్య పెద్దది కాదు. కానీ డిసెంబర్ నుంచి ఒక్క దెబ్బ చూడని మనిషి, ఏ రోజు ఎందుకు దొరికిందో, ఏ రోజు ఎందుకు దొరకలేదో చెప్పగలిగే స్థితికి వచ్చాడు. నేర్పేవాడిగా నాకు కావాల్సింది అది.

ఇదే పని చేయబోయేవాళ్లకు మూడు హెచ్చరికలు. చెక్‌డ్యామ్ వాలు మీద నాచు ఉంటుంది, ఎండినట్టు కనిపించినా జారుతుంది. అక్కడ నిలబడి విసరకండి. మధ్యాహ్నం ఎండ తగిలే గట్టు మీదికి చేపల్లాగే పాములూ వస్తాయి. మాకు రెండుసార్లు రక్తపింజరి కనిపించింది. మోకాళ్ల మీద కూర్చోబోయే చోటును ముందు కర్రతో కదిపి చూడండి. మంజీరా అభయారణ్యం వైపు మాత్రం రాడ్ తీసుకుని వెళ్లనే వద్దు. అక్కడ వేట నిషేధం, నీళ్లలో మొసళ్లున్నాయి, అది వాటి ఇల్లు.

తొలకరి పడ్డాక నేను ఈ వాగుకు రాడ్‌తో వెళ్లను. వానలు మొదలవగానే కొర్రమట్ట గడ్డి మధ్య చోటు చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీళ్ల మీద తేలతాయి. పిల్లలు ఎర్రగా, గుంపుగా, ఉడుకుతున్న నీళ్లలా కదులుతుంటాయి, కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. ఆ చేప ఆకలితో లూర్‌ను కొట్టదు, పిల్లల కోసం కొడుతుంది. దాన్ని పట్టడం చాలా సులువు. దాన్ని గుంజిన మరుక్షణం నుంచి ఆ ఎర్ర గుంపు మీద పరకలు, జెల్లలు, పక్షులు అన్నీ పడతాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో వసంతకాలంలో బాస్ పట్టినా వెంటనే వదిలేయాలనే నియమం ఉంది. మనకు మనం పెట్టుకునే నియమం అంతకంటే గట్టిది ఉండాలని నా కోరిక. అసలు వేయకపోవడం.

ఏప్రిల్ మొదటి ఆదివారం తమ్ముడూ నేనూ మళ్లీ వెళ్లాం. నీళ్లు సగానికి తగ్గాయి. మెడలోతు మడుగు నడుము లోతుకు వచ్చింది, మోకాలి లోతు పల్లం బురదైంది. ఉన్న చేపలన్నీ ఆ నడుము లోతులోకి చేరాయి. అరగంటలో నలభై రెండు గుక్కలు లెక్కపెట్టాం. ఏ లూర్ వేసినా, ఎలా వేసినా దొరికేవే. తమ్ముడు రాడ్ సంచి విప్పలేదు. పెద్దాయన ఎగువ చెక్‌డ్యామ్ దగ్గర మట్టి తీయించి, పక్క పొలం బోరు నుంచి రోజుకు గంటసేపు నీళ్లు మడుగులోకి వదిలే ఏర్పాటు చేస్తున్నాడు. మేం ఇద్దరం సాయంత్రం దాకా ఆ పైపు మోశాం.